గుడ్లు చేతులు మారిన ఏడు

ఐరోపాని గడగడలాడించిన ఆ బోడిగుండు పెద్దమనిషిని జర్మను లారీలోంచి చెవి పట్టుకుని కిందికి దించింది ఎవరనుకున్నారు? నేనే. ఈ కుడిచేత్తోనే. ఆ చెవి మెత్తగా, చల్లగా, వానలో మొలిచిన పుట్టగొడుగులా ఉంది. "అయ్యా, తమరి ప్రయాణం ఇక్కడికి సరి, దిగండి" అన్నాను. ఇరవై ఏళ్ళపాటు మా దేశాన్ని ఏలి, మా అందరి గోడలమీదా పటాల్లో గడ్డం ఎగరేసుకుని నిలబడ్డ మనిషి కిక్కురుమనకుండా దిగాడు. కావాలంటే మా ఊరి వైన్ కొట్టులో ఎవర్నైనా అడగండి. ఈ మాట నా నోట విననివాడు అక్కడ లేడు. విన్నాక నాకో గ్లాసు పోయించనివాడూ లేడు.

సరే, చెవి సంగతి మళ్ళీ చూద్దాం. ముందు గుడ్ల సంగతి చెప్పాలి.

గుడ్లంటే పట్టుపురుగు గుడ్లు. గసగసాల కంటే చిన్నవి. ఏప్రిల్‌లో మల్బరీ కొమ్మకి ఎలకచెవంత చిగురు వెయ్యగానే, మా సరస్సు ఒడ్డున ఇంటికొక ఆడమనిషి ఆ గుడ్లని నూలుగుడ్డలో చిన్న మూట కట్టి రవికలో పెట్టుకునేది. పగలు రవికలో, రాత్రి పక్కలో. పొయ్యి దగ్గర పెడితే మాడిపోతాయి, కిటికీ దగ్గర పెడితే బిగుసుకుపోతాయి. మనిషి ఒంటి వేడే వాటికి సరిగ్గా సరిపోతుంది. మూట మోసే మనిషి పరుగెత్తకూడదు, చెమట పట్టకూడదు, వానలో తడవకూడదు, బరువులెత్తకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఉలిక్కిపడకూడదు. భయపడినా, ఏడ్చినా, మనసు విరిగినా ఒళ్ళు చల్లబడిపోతుందనీ, పురుగు గుడ్డులోనే చచ్చిపోతుందనీ మా ఆడవాళ్ళ నమ్మకం.

ఇంకో రివాజు కూడా ఉంది. మూట మధ్యలో చేతులు మారిందంటే, అందులో ఎవరెవరి గుడ్లున్నాయో వాళ్ళ గడపదాకా వెళ్ళి చెప్పి రావాలి. ఎందుకు మారిందో కూడా చెప్పాలి. జ్వరమైతే జ్వరమని, కడుపైతే కడుపని. దాచడానికి లేదు. రేపు పురుగులు చస్తే తప్పు ఎవరిదన్న తగువు రాకూడదు కదా. ఆ పురుగులు కట్టే పట్టుగూళ్ళు అమ్ముకుంటేనే మా వాళ్ళకి ఏడాది పొడవునా ఉప్పూ, నూనే, చెప్పులూ.

ఆ ఏడు మా ఇంట్లో మూట మోసింది మా అక్క ఎర్మీనియా. అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరం. అక్క మొగుడు ఒరెస్తె, మా బావ, కింద సరస్సు ఒడ్డు పట్నంలో ఆ బోడిగుండు పార్టీ ఆఫీసులో కార్యదర్శి. ఆ పార్టీవాళ్ళ నల్లచొక్కా, అద్దంలా మెరిసే బూట్లు. యుద్ధం ముదిరాక ఇంటికి రావడం తగ్గించాడు. నేను ఇరవై దాటినవాణ్ణి. పైకి కట్టెలు కొట్టేవాణ్ణి. అసలు పని మాత్రం గోనెపట్టా చెప్పులు తొడుక్కుని, చప్పుడు కాకుండా కొండ దాటి, స్విట్జర్లాండుకి బియ్యం మోసుకెళ్ళి పొగాకూ ఉప్పూ మోసుకురావడం. నా ఈడు కుర్రాళ్ళందర్నీ జర్మనీ ఫ్యాక్టరీలకి తోలుకుపోతున్నా నా జోలికి ఎవరూ రాలేదంటే అది బావ చలవే. ఊళ్ళో ఆ సంగతి అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఎలా చేశాడో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

గుడ్లు మూట కట్టే రోజున పక్కింటి లిందా పిన్ని వచ్చింది. చేతిలో చిటికెడు గుడ్లున్న గుడ్డ.

"ఎర్మీనియా, ఇవి కూడా నీ మూటలో కలుపుకోవే."

"అదేంటి పిన్నీ, నువ్వు మొయ్యవా? నీ ఒంటిమీద పొదిగినట్టు ఊళ్ళో ఎవరికీ పొదగవంటారు కదా."

"అది అప్పుడు. పచీఫికోని పట్టుకెళ్ళిన దగ్గర్నుంచీ నా ఒంట్లో వేడి నిలవడంలేదే అమ్మా. పొయ్యిలో కూర్చున్నా వణుకే. నా దగ్గర పెడితే ఇవి రాళ్ళయిపోతాయి."

పచీఫికో ఆవిడ పెద్దకొడుకు, నా ఈడువాడు. జర్మనీకి పోకుండా ఊరి పైన గడ్డిగుడిసెలో దాక్కున్నాడు. జనవరిలో సిపాయిలు మంచులో తిన్నగా ఆ గుడిసెకే వెళ్ళి, చుట్టుముట్టి, పట్టుకుపోయారు. ఉత్తరాదికి పోయే రైలెక్కించారని మాత్రం తెలిసింది. ఆ తర్వాత కబురు లేదు. వాడి తమ్ముడు గౌదెన్సియో ఆ మర్నాడే మెడకి ఎర్రరుమాలు కట్టుకుని, తుపాకీ పట్టుకుని, నల్లచొక్కాలతో పోరాడే దళంలో చేరి కొండెక్కేశాడు.

ఇల్లంతా బరువెక్కిపోయింది. నాకు అలాంటివి పడవు.

"ఏం భయంలేదు పిన్నీ" అన్నాను. "మా అక్క దగ్గర వేడికేం లోటు? పొద్దున్నే లేచి నన్ను తిట్టిందంటే సాయంత్రందాకా చల్లారదు."

లిందా పిన్ని పెదవి కొంచెం కదిలింది. అక్క గరిట ఎత్తింది.

"నోర్ముయ్ రా. మూట కట్టుకున్నాక నాకు కోపం రాకూడదని తెలుసుగా నీకు?"

"అందుకే కదా ఇప్పుడు అంటున్నాను. ఇంక నువ్వేం చెయ్యలేవు."

రెండిళ్ళ గుడ్లూ ఒకే గుడ్డలో పడ్డాయి. ఇక ఏవి ఎవరివో విడదీయడం దేవుడి వల్ల కూడా కాదు.

*

బావ ఒక వానరోజు మధ్యాహ్నం వచ్చాడు. రోడ్డుమీద నుంచి కాదు, పెరట్లో మల్బరీ చెట్ల మధ్యనుంచి, వంగి వంగి. నల్లచొక్కామీద ఎవరిదో రంగు వెలిసిన పనివాడి జాకెట్టు. ఒక బూటు అడుగు ఊడి, అడుగు వేసినప్పుడల్లా కప్పలా నోరు తెరుస్తోంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నేను పొయ్యిమీద మొక్కజొన్న సంకటి గెలుకుతున్నాను. మామూలుగా అది అక్క పని. గెలికితే చెమట పడుతుందని నాకు అప్పజెప్పింది.

గుమ్మంలో నిలబడి బావ మొదట అక్క రవికవైపు చూశాడు. ఈ ఒడ్డున పుట్టినవాడు కదా, ఏప్రిల్‌లో ఏ ఇంటికి వెళ్ళినా చూపు ముందు అక్కడికే పోతుంది.

"మూట మోస్తున్నావా?"

"ఆఁ."

"అయితే నేను చెప్పేది విని కంగారుపడకు."

"కంగారుపడను. పడకూడదుగా. కూర్చో, నీళ్ళు కారుతున్నావు. ఒరేయ్, నీ కోటు ఇవ్వరా బావకి."

నా కొండకోటు ఇచ్చాను. ముతక ఉన్నిది, లోపల పొగాకు దాచుకునే జేబులున్నది. అందులో బావ ఎవరో గొర్రెలకాపరిలా కనిపించాడు. నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. ఎండుచేప కాల్చి సంకటితో పెట్టాను. పళ్ళెంమీద ఒంగి, ముద్ద ముద్దకీ మధ్య మాట్లాడాడు.

"అంతా అయిపోయింది. మిలాను నుంచి పెద్దాయన బండ్లతో పాటు మేమూ బయల్దేరాం. కొండల్లో చివరి పోరాటం చేద్దామన్నారు. వేలమంది వస్తారన్నారు. మేం వానలో నిలబడి ఎదురుచూస్తూనే ఉన్నాం. వచ్చింది గుప్పెడు మంది. వాళ్ళలో సగం మంది దారి అడగడానికి ఆగినవాళ్ళు."

"ఆయన్ని చూశావా బావా?" అన్నాను. ఎంతైనా కుతూహలం కదా.

"వీపు చూశాను. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కాలరుకీ మెడకీ మధ్య నా పిడికిలి పట్టేంత సందు. ఇరవై ఏళ్ళు ఆ గడ్డం చూసి ఛాతీ విరుచుకున్నవాణ్ణి, చివరికి దక్కింది వీపు." చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "ఇవాళ పొద్దున్నే జర్మను లారీలు సరస్సు ఒడ్డెంబడే పైకి పోతుంటే వాటితో కలిసి పోయాడు. మాకు చోటు లేదన్నారు. తుపాకులు మాత్రం మా దగ్గరే వదిలేశారు."

"ఆ తుపాకీ ఏదీ?"

"సరస్సులో ఉంది."

అక్క బల్లకి అవతల కూర్చుని, ఒక చెయ్యి రవికమీద ఆనించుకుని వింటోంది. కళ్ళు కూడా ఆర్పడం లేదు. ఊపిరి కొలిచి పీలుస్తున్నట్టుంది.

బావ నావైపు తిరిగాడు. "సెవెరీనో, నన్ను కొండ దాటించు. ఇవాళే."

"పైన ఇంకా మంచుంది బావా. ఆ బూటుతో కాదు, గోనెచెప్పులు ఇస్తాను. చీకటిపడేలోగా గొర్రెలదొడ్డి దాటామంటే, రేపు ఈ పాటికి అవతల కూర్చుని చాక్లెట్టు తింటూ ఉంటావు."

నేను సరే అన్నానని తెలిసి బావ మొహంలోకి నెత్తురొచ్చింది. నాకు ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆయన నన్ను కాపాడాడు, నేను ఆయన్ని కాపాడతాను. అందులో ఆలోచించడానికి ఏముంది?

"తొందరగా పోవాలి" అన్నాడు బావ. "గౌదెన్సియోగాడు నాకోసమే ఇంటింటికీ తిరుగుతున్నాడట."

"నీకోసమే ఎందుకు?" అంది అక్క. "నల్లచొక్కాలు తొడిగినవాళ్ళు చాలామంది ఉన్నారుగా."

బావ రొట్టెముక్కతో పళ్ళెం తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"ఒరెస్తె. నీకోసమే ఎందుకు?"

"వాడి అన్న సంగతి వాడికెవరో చెప్పినట్టున్నారు."

"ఏ సంగతి?"

"గుడిసె ఎక్కడుందని అడిగారు. చెప్పాను. అంతే, ఎర్మీనియా. గుడిసె మాత్రమే చెప్పాను. రైలెక్కించమని నేను చెప్పలేదు."

"అడిగితే చెప్పావా?"

"ఈ ఊరినుంచి ఇద్దరు కావాలన్నారు. ఒకడు పచీఫికో, ఇంకొకడు..." గడ్డంతో నన్ను చూపించాడు. "వీణ్ణి వదిలెయ్యండి, నా బావమరిది అన్నాను. అయితే పచీఫికో అయినా ఖాయంగా దొరకాలి అన్నారు. నేనేం చెయ్యను? నీ తమ్ముణ్ణి ఇమ్మంటావా?"

నా చేతిలో గరిట ఎప్పుడు ఆగిందో నాకు తెలీదు. సంకటి అడుగంటిన వాసన వచ్చింది. ముందు ఆ వాసన వచ్చింది, తర్వాత మాట అర్థమైంది. పచీఫికో, నేనూ బళ్ళో ఒకే బెంచీ. వాడి దగ్గర నేను లెక్కలు కాపీ కొట్టేవాణ్ణి.

అక్క కదలకుండా కూర్చుంది. చెయ్యి రవికమీదే ఉంది. దాని కింద పచీఫికో తల్లి ఇచ్చిన గుడ్లున్నాయి.

లేచింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో వేలువేలూ తుడుచుకుంది. హుక్కులు విప్పి మూట బయటికి తీసింది.

"చొక్కా విప్పరా."

"నేనా? మగాడి ఒంటిమీదా? ఊళ్ళో తెలిస్తే..."

"నీ ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. విప్పు."

మూటని నా గుండెమీద ఆనించి, తన నడికట్టు గుడ్డతో చుట్టూ తిప్పి ముడి వేసింది. అప్పుడే గూట్లోంచి తీసిన పిచ్చుకపిల్లలా వెచ్చగా ఉంది. ముడి వేస్తున్న ఆమె వేళ్ళు మాత్రం మంచులా తగిలాయి.

"నాకు చలేస్తోంది" అంది అక్క.

శాలువా కప్పుకుంది. గుమ్మం దగ్గర ఆగి, మా ఇద్దరిలో ఎవర్నీ చూడకుండా, "లిందా పిన్నికి చెప్పి వస్తాను" అంది.

తలుపు వేసి మరీ వెళ్ళింది, నాకు గాలి తగలకుండా.

*

మేమిద్దరం ఈ ఒడ్డునే పుట్టాం. ఒకరికొకరు విడమరిచి చెప్పుకోవాల్సిన పనిలేదు. మూట చేతులు మారింది. ఎందుకు మారిందో అక్క చెప్పి తీరాలి. లిందా పిన్ని విని తీరాలి. ఇక నేనంటారా, మూట కట్టుకున్నవాణ్ణి. కొండెక్కకూడదు, చెమట పట్టకూడదు, వానలో తడవకూడదు. ఒక్క కేకా లేదు, ఒక్క శాపనార్థమూ లేదు. ఒక ముడి వేసి మా ఇద్దర్నీ ఆ వంటింట్లో కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

"బావా" అన్నాను. "ఇది తీసి దుప్పట్లో చుట్టి పొయ్యి దగ్గర పెడతాను. పద. ఇప్పుడే పద. నాకు లెక్కలేదు."

నిజంగానే అన్నాను. పచీఫికో మాట విన్నాక కూడా అన్నాను. అదేం బుద్ధో నాకు ఇప్పటికీ అర్థంకాదు.

బావ నా ఛాతీవైపు చూశాడు. "అందులో లిందా గుడ్లు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అయితే కూర్చో."

"నువ్వొక్కడివైనా పో. దొడ్డిదాకా దారి చెప్తాను."

"నా సంగతి నీకు తెలియదా? చెరువుగట్టు మీద కూడా దారి తప్పేవాణ్ణి." కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కున్నాడు. "ఆ అడుగంటిందేదో గీకి పెట్టు. చిన్నప్పుడు మాడుచెక్క కోసం మా అన్నదమ్ములం తన్నుకునేవాళ్ళం."

గీకి పెట్టాను. కరకర నమిలాడు. అంతలో కింద సరస్సు ఒడ్డునుంచి గంటలు మొదలయ్యాయి. ఒక చర్చి, దాని వెనక ఇంకో చర్చి, తర్వాత మా ఊరిది. సందులో పరుగులు, కేకలు. "దొరికాడు! బోడిగుండు దొరికాడు! జర్మను కోటు తొడుక్కుని లారీలో నక్కాడట!" ఇంటింటి తలుపూ తెరుచుకుంది. ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, కర్రపట్టుకుని నడిచే వైన్ కొట్టు ఆసామీతో సహా ఊరంతా వాలు దిగి రోడ్డుకి పరుగెత్తింది.

ఇక్కడ చెవి సంగతి చూద్దాం.

ఊళ్ళో వెళ్ళనివాణ్ణి నేనొక్కణ్ణే. లోకాన్ని తలకిందులు చేసిన మనిషిని మా సరస్సు ఒడ్డునే, మా ఊరి కిందనే, లారీలోంచి దించుతుంటే నేను ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, పొయ్యి పక్కన, పచ్చిబాలింతలా కూర్చుని ఉన్నాను. ఆ చెవి పట్టుకోవడం మాట దేవుడెరుగు, కంటితో కూడా చూడలేదు. మెత్తనా, పుట్టగొడుగూ, అన్నీ వైన్ కొట్టు మాటలు. తాగిన గ్లాసులు తిరిగివ్వమంటే మాత్రం ఇవ్వను.

కేకలు విని బావ తల ఎత్తాడు. "జర్మను కోటా?" తను వేసుకున్న నా కోటు వంక చూసుకున్నాడు. చేతులు పొట్టి, పొగాకు కంపు. "నేనే నయంరా సెవెరీనో. నాది సొంత దేశపు కోటు."

ఇద్దరం నవ్వాం. నవ్వకూడదని తెలుసు. మూట అదురుతుందేమోనని చేత్తో పట్టుకుని మరీ నవ్వాను.

గౌదెన్సియో వచ్చేసరికి గంటలు ఆగిపోయాయి. వెనక ఇద్దరు. ముగ్గురూ తడిసి ముద్దయి ఉన్నారు. తలుపు తోశాడు గానీ గడప దాటలేదు. చలిగాలితో, తడిబట్టలతో మూట ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టడం మా వాళ్ళలో ఎవరూ చెయ్యరు, చేతిలో తుపాకీ ఉన్నా సరే.

"లోపలికి రాను" అన్నాడు. "మూట నీ దగ్గరుందట?"

"ఉంది."

"మా అమ్మవి కూడానా?"

"అన్నీ కలిసే ఉన్నాయి."

"అయితే లేవకు." తర్వాత గొంతు మారింది. "ఒరెస్తె, బయటికి రా."

బావ ఒళ్ళో పడ్డ మాడుపొడి దులుపుకుని లేచాడు. "ఎక్కడికి? పట్నానికా?"

"పట్నానికే."

"గౌదెన్సియో!" అన్నాను. "పట్నంలో విచారణ చేస్తారు కదా? మాట ఇవ్వు."

వాడు నా మొహంలోకి చూడలేదు. నా ఛాతీమీద ముడివంక చూశాడు.

"తలుపేసుకోరా" అన్నాడు. "గాలి కొడుతోంది."

వాళ్ళు వాలు దిగుతుంటే కిటికీ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. బావ ముందు, వాళ్ళు వెనక. ఊడిన బూటు రాళ్ళమీద టపటపమంటోంది. చిన్న మేరీమాత గూడు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. అక్కడ బావ ఆగాడు. వెనక్కి తిరిగాడు. టోపీ తీసి, ఇంటివైపు ఎత్తి, ఒక్క క్షణం అలాగే పట్టుకున్నాడు. తర్వాత మలుపు తిరిగిపోయాడు.

చీకటిపడేముందు అక్క వచ్చింది. శాలువా తీసి దండెంమీద వేసింది. పళ్ళెం కడగడానికి తీసుకుని, నావైపు చూడకుండా అడిగింది.

"వెనక్కి తిరిగి చూశాడా?"

"చూశాడు. టోపీ ఎత్తాడు."

"ఊఁ" అంది అక్క.

*

మర్నాడు మధ్యాహ్నం సరస్సు పక్కన ఏదో బంగళా గేటు దగ్గర పెద్దాయన్నీ, ఆయనతో ఉన్న ఆవిడనీ కాల్చేశారని కబురొచ్చింది. మా ఊళ్ళో కొందరు తాగారు, కొందరు పాడారు. ఒకరిద్దరు తలుపులేసుకున్నారు. వైన్ కొట్టు ఆసామీ గోడమీది ఆయన పటం తీస్తే దాని వెనక సున్నం తెల్లగా, కొత్తగా కనిపించింది. మిగతా గోడంతా పొగచూరిపోయి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

ఆ సాయంత్రం గౌదెన్సియో వచ్చాడు. ఒక్కడే. ఈసారీ గడప బయటే నిలబడ్డాడు. చేతిలో నా కోటు, మడతపెట్టి ఉంది.

అక్క అందుకుంది. విప్పి, దులిపి, దీపం దగ్గర తిప్పి చూసింది. ముందూ చూసింది, వీపూ చూసింది. ఒక్క చిల్లు లేదు. ఆ కోటు నాదని గౌదెన్సియోకి తెలుసు. కొండదారిలో నన్ను దాంతో ఎన్నోసార్లు చూశాడు. కాల్చేముందు విప్పించాడు.

అక్క దాన్ని పొయ్యి పైన మేకుకి తగిలించింది.

"అమ్మ అడగమంది" అన్నాడు గౌదెన్సియో, తన బూట్లవైపు చూస్తూ. "గుడ్లు కదిలాయా అని."

"ఇంకా లేదు" అంది అక్క. "ఎల్లుండికి కదులుతాయేమో. కదిలితే కబురు పంపిస్తానని చెప్పు."

మూట తిరిగి తీసుకోమని నేను అడిగాను. తీసుకోలేదు. నా గుండెమీదే పొదిగాయి. ఒకరోజు పొద్దున్న చర్మంమీద ఎవరో ఊదినట్టు గిలిగింత. విప్పి చూస్తే నల్లటి నూలుపోగుల్లాంటివి వేలకివేలు, తలలెత్తి వెతుక్కుంటున్నాయి. అవి బతికున్నాయని తెలియగానే నాకు ఏడుపొచ్చింది. పురుగుల్ని చూసి ఏడ్చిన మగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నన్ను చూడండి.

తట్టల్లో పరవడానికి ఆ ఏడు కాగితానికి కరువులేదు. పార్టీ ఆఫీసులోంచి వీధిలోకి విసిరేసిన పోస్టర్లు, పత్రికలు గుట్టలు గుట్టలు. ఎక్కడ చూసినా ఆ గడ్డమే. మా పురుగులు దానిమీదే తిన్నాయి, దానిమీదే పడుకున్నాయి, మిగతా పని కూడా దానిమీదే కానిచ్చాయి. మిలాను చౌకులో ఆయన్ని తలకిందులుగా వేలాడదీశారని, ఎవరో ఆ ఫొటో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మా గుమ్మంలో అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఎటు తిప్పినా నాకు చూడాలని లేదు. తీసుకుపో" అంది.

లిందా పిన్ని రోజూ వచ్చేది. ఇద్దరూ తట్టకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఆకు సన్నగా తరిగేవాళ్ళు. ఒరెస్తె పేరు గానీ పచీఫికో పేరు గానీ ఎవరి నోటా రాలేదు. పచీఫికో కూడా రాలేదు, ఆ వేసవి కాదు, ఏ వేసవీ కాదు. ఒకరోజు ఆకు అందిస్తూ పిన్ని చెయ్యి అక్క చేతికి తగిలింది. ఆవిడ కత్తి కింద పెట్టింది.

"ఏమే, ఇంత చల్లగా ఉన్నావు?"

లిందా పిన్ని ఆ రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుని, వేడి పుట్టేదాకా రుద్దుతూ కూర్చుంది. పురుగులు ఆకు తింటుంటే రేకుమీద చినుకులు పడ్డట్టు చప్పుడు. ఇల్లంతా అదే చప్పుడు.

అక్క మళ్ళీ ఎప్పుడూ మూట మొయ్యలేదు. ఏటా ఏప్రిల్ రాగానే నా చొక్కా విప్పించి, తనే ముడి వేసేది. సరస్సు చుట్టుపక్కల ఎక్కడా గుడ్లు పొదిగే మగాడు లేడు, నేను తప్ప. వైన్ కొట్టులో అడుగుపెడితే చాలు, "సెవెరీనో, ఎన్నో నెల?" అనేవాళ్ళు. "మీ ఇంట్లో అడగండి, వాళ్ళకే బాగా తెలుసు" అనేవాణ్ణి.

ముడి వేసేటప్పుడు అక్క ప్రతి ఏడూ ఒక మాట అడిగేది.

"మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు కదూ?"

చెప్పేవాణ్ణి. నా సంగతి మీకు తెలుసుగా, ఒకటి చెప్పమంటే ఒక్కటితో ఆగను. ఒక ఏడు టోపీ ఎత్తాడని. ఇంకో ఏడు, ఎత్తిన టోపీని గుండెకి హత్తుకున్నాడని. మరో ఏడు, గౌదెన్సియో తోసేదాకా అక్కడే నిలబడ్డాడని. అక్క తలవంచుకుని వినేది, ముడి బిగించేది, "ఊఁ" అనేది.

చివరి జబ్బులో మంచంపట్టి ఉండగా, అడక్కుండానే నేను ఆ మాట ఎత్తాను. కాస్త తేలికపడుతుందని. ఆ ఏడు బావ కళ్ళలో నీళ్ళు కూడా పెట్టించాను. అక్క అంతా విని, కళ్ళు మూసుకునే అంది.

"లిందా పిన్ని కిటికీలోంచి కూడా ఆ మలుపు కనిపిస్తుందిరా."

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు అడిగావు?" అన్నాను.

"నువ్వు బాగా చెప్తావు" అంది.

అందుకని, అక్క కూడా లేదు గనక, మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తున్నాను. గుడ్లు నిజం, కోటు నిజం. ఆ చెవి కాక, మలుపు దగ్గరిది ఒక్కటే నేను కల్పించింది. బావ ఆగలేదు, వెనక్కి తిరగలేదు. అసలు ఆ రోజు ఆయన తలమీద టోపీయే లేదు.